కుప్ప లోపలి వేడి

ఆగస్టు 7, గురువారం

పాలు లీటరున్నర. మధ్యాహ్నం మొదలైన వాన ఇంకా తగ్గలేదు. మెట్రో స్తంభాల కింద మోకాళ్ల లోతు నీళ్లట. భావన ఎల్బీ నగర్‌లో కంపెనీ బస్సు దిగి, దిల్‌సుఖ్‌నగర్ దాకా మెట్రోలో వచ్చి, అక్కడి నుంచి గల్లీ వరకు తడుస్తూ నడిచింది. జడ పిండితే గ్లాసు నీళ్లు.

సాయంత్రం కింది వాటా కుసుమకుమారిగారు మెట్ల దగ్గర ఆపారు. "మీ మనవరాలు చెత్త కంపెనీలో చేస్తుందటగా అండాలమ్మగారూ? అంత చదువు చదివించి చెత్తలోకి పంపారా?"

"చెత్తల కాదు, కరెంట్ల. మీరు పొద్దున ఆటోల ఏసిన చెత్తనే మీ ఇంట్ల ఫ్యాన్ తిప్పుతది" అన్నాను.

"అదా సంగతి! మా ఫ్యాను నిన్నటి నుంచీ కంపు కొడుతోందండీ" అని నవ్వారు. ఆవిడది గుంటూరు మాట, గుంటూరు నవ్వు. నేను నవ్వలేదు. పైకి వచ్చాక కొంచెం వచ్చింది.

భోజనానికి ముందు భావనను అంకె అడిగాను. యాభై ఒకటి అంది.

నా కొడుకు మహేందర్‌కు ఈ అంకె సంగతి నచ్చదు. "దాని చిన్నప్పుడు మార్కులు చెప్పనిదే అన్నం పెట్టకపోతివి. నౌకరి జేసే పిల్లకు గూడ గిదేందే అమ్మా?" అంటాడు. అననీ. భావన కంపెనీ బాయిలర్‌లో గొట్టాలు పగిలి, బాగు చేయడానికి నెల పడుతుందట. ఊరి చెత్త నెల ఆగదు. లారీలు వస్తూనే ఉన్నాయి. తడి చెత్త తీసేసి, మిగిలిన ప్లాస్టిక్, గుడ్డ, కాగితం తునకలు చేసి ఇంధనంగా కుప్ప పోస్తున్నారు. కాల్చే పొయ్యి లేదు గనుక కుప్ప రెండంతస్తుల ఎత్తయింది. తడిసిన కుప్ప లోపల తనంతట తానే వేడెక్కుతుంది. భావన రోజూ దానిమీదికి ఎక్కి, బల్లెం లాంటి థర్మామీటర్ గుచ్చి చూస్తుంది. అరవై దాటితే కనిపెట్టుకుని ఉండాలి. డెబ్బై దాటితే ఎప్పుడు అంటుకుంటుందో ఎవరూ చెప్పలేరు.

అది ఉద్యోగంలో చేరిన రోజే ఒప్పందం చేసుకున్నాను. ముందు అంకె, తరువాత అన్నం.

51.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. కోడలు యాదలక్ష్మి పూజ ముగించి వాయనాలు ఇచ్చే వేళకు భావన వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

సొంత బుర్రతో ఒక పని చేసిందట. చెత్తలో ఫ్లెక్సీలు గుట్టలుగా వస్తాయి. పుట్టినరోజు శుభాకాంక్షల నాయకులు, కోచింగ్ సెంటర్ల ర్యాంకర్లు. అవన్నీ ఏరించి, ఒకదానికొకటి కుట్టించి, కుప్ప మీద కప్పించింది. ఇక వాన లోపలికి దిగదు. మేనేజర్ శేఖర్ అందరి ముందూ చప్పట్లు కొట్టించాడు.

"లీడర్లందరు కుప్పమీద పండుకున్నరు నానమ్మా. ఎంత వాన కొట్టినా ఒక్కడు లేస్తలేడు!"

"తెలివైన పని చేసినవ్ బిడ్డా" అన్నాను.

మెచ్చుకోవడం నాకు అలవాటు లేదు. పాఠాలు చెప్పిన బడిలోనూ లేదు, ఇంట్లోనూ లేదు. ఆ మాటకు దాని ముఖం ఎలా అయిందో చూసి నేనే పక్కకు తిరిగాను.

54.

ఆగస్టు 9, శనివారం

రాఖీ. వాన. 57.

ఆగస్టు 11, సోమవారం

61.

మా ఊళ్లో పచ్చి ఆరని గడ్డి వామి వేసి, వానకు భయపడి పైన తాటాకులు కప్పితే, నాలుగు రోజులకు వామి మధ్య నుంచి ఆవిరి లేచేది. మా నాయన మోచేతి దాకా లోపలికి పెట్టి చూసి, కూలదోయండ్రా అని అరిచేవాడు. ఒక ఏడు కూలదోయని వాళ్ల వామి తెల్లారేసరికి బూడిద.

అదే చెప్పాను. "కప్పినంక వేడి ఎక్కువైతున్నది గదనే. లోపల ఉడుకు బయటికి పోతలేదు కావొచ్చు. ఆ ఫ్లెక్సీలు తీసెయ్యరాదు?"

భావన పళ్లెం వైపే చూస్తోంది. "తెలివైన పని అని నువ్వే అంటివి."

"అన్న. ఇప్పుడు గిది అంటున్న."

"ఇది గడ్డివామి కాదు నానమ్మా. సార్ గూడ ఇంజినీరే. ఆయనకు తెల్వదా?"

అన్నం సగం వదిలేసి లేచింది. పులుసు బాగాలేదేమో.

ఆగస్టు 12, మంగళవారం

45.

ఒక్క రోజులో పదహారు తగ్గింది. వాన నీళ్లు దిగక లోపల చల్లబడిందట. చాలా తేలికపడ్డాను. నా గడ్డివామి మాటలు అనవసరం. యాదలక్ష్మి చేత సేమ్యా పాయసం చేయించాను.

ఆగస్టు 13, బుధవారం

45. రోజంతా వాన.

ఆగస్టు 14, గురువారం

45.

మూడు రోజులుగా ఒకటే అంకె. నిలకడ మంచిదే.

ఏడో తరగతి అర్ధ సంవత్సరం పరీక్షలప్పుడు భావనను మార్కులు అడిగితే, లెక్కల్లో యాభైకి నలభై ఐదు అంది. సైన్సు? నలభై ఐదు. ఇంగ్లిషు? నలభై ఐదు. తరువాత ప్రోగ్రెస్ కార్డు వచ్చింది. లెక్కల్లో ముప్పై ఒకటి.

ఊరికే గుర్తొచ్చింది.

ఆగస్టు 15, శుక్రవారం

జెండా పండుగ సెలవైనా వెళ్లింది. వచ్చి స్నానాల గదిలోకి పోగానే, బూట్లకు బురద ఉందని తుడవడానికి తీశాను. కంపెనీ ఇచ్చిన మందపు బూట్లు. కుడి బూటు అడుగున రబ్బరు కరిగి మళ్లీ గట్టిపడింది. గీతలు పూడిపోయి నున్నగా ఉంది. వేలితో తడిమి చూశాను. ఎడమది మామూలుగానే ఉంది.

చున్నీ వాసన చూశాను. ఇస్త్రీపెట్టె కింద పాలిథిన్ కవరు పడితే వచ్చే వాసన.

బూట్లు తుడిచి, అడుగు కనపడకుండా గోడ వారగా పెట్టాను.

"ఎంత?"

"నలభై ఐదు."

అన్నం పెట్టాను.

ఆగస్టు 16, శనివారం

టీవీలో ఎక్కడిదో గోదాము తగలబడుతోంది. మహేందర్ చూస్తూ చూస్తూ నా వైపు తిరిగాడు. "అమ్మా, భావన కాడ అంత మంచిగనే ఉన్నదా?"

"నలభై ఐదు."

"అంటే మంచిదే గదా?"

"మంచిదే."

ఈ రోజు భావన ఇంకా ఇంటికి రాలేదు. అంకె అది చెప్పలేదు. నేను చెప్పాను.

వాడికి అనుమానం వస్తే రేపే ఉద్యోగం మాన్పిస్తాడు. మాన్పిస్తే అది ఇక ఎప్పుడూ నాకు ఏదీ చెప్పదు. అందుకని ఊరుకున్నాను. కారణం అదే. మరేం లేదు.

ఆగస్టు 17, ఆదివారం

నాకు భయం లేదు.

భావనకు సెలవు. పగలంతా ఫోన్ ఛాతీ మీద పెట్టుకుని పడుకుంది. మోగితే ఉలిక్కిపడుతోంది. ఇడ్లీపాత్ర మూత తీసినప్పుడు ఆవిరి ముఖానికి కొట్టింది. నేను ఇన్నేళ్లుగా మూత తీస్తున్నదాన్ని, ఈ రోజు చేతిలోంచి జారవిడిచాను. ఆ చప్పుడుకు భావన పరుగెత్తుకు వచ్చింది. ఇద్దరం మూత వైపు చూస్తూ నిలబడ్డాం.

"ఏం కాలే" అన్నాను.

"ఏం కాలే" అంది.

నాకు భయం లేదు. జపంలో రెండుసార్లు లెక్క తప్పాను, అంతే.

ఆగస్టు 18, సోమవారం

అడగకముందే చెప్పింది. బూట్లు విప్పలేదు. గుమ్మంలోనే నిలబడి, "డెబ్బై మూడు" అంది.

ఇంట్లో మేమిద్దరమే. గరిటె కింద పెట్టి, దాన్ని లోపలికి లాగి తలుపు వేశాను.

"ఎన్ని దినాల సంది?"

"పోయిన మంగళారం అరవై నాలుగు. గా తర్వాత దిగనే లేదు. ఇయ్యాల ఫ్లెక్సీ నడుమ బొక్క పడ్డది నానమ్మా. కింది నుంచి కరిగింది. అందులకెల్లి పొగ… సన్నగ, అగరుబత్తి లెక్క."

"మేనేజర్‌కు ఏం చెప్పినవ్?"

వంగి బూటు లేసు పట్టుకుంది.

"భావనా."

"నలభై ఐదు."

ఇంతకాలం అది మా ఇంట్లో మాత్రమే చెప్పే అబద్ధం అనుకున్నాను. అనుకున్నాను అని రాశాను. అంటే నాకు తెలుసన్నమాట.

"అందరి ముంగట చప్పట్లు కొట్టిచ్చిండు గద. నువ్వు గూడ… జన్మల మొదటిసారి నన్ను తెలివైనదన్నవ్. నాలుగు దినాలకే అది తప్పయిందని ఎట్ల చెప్పాలె? తగ్గుతది తగ్గుతది అనుకుంటనే ఉన్న."

కోపం రావలసింది. రాలేదు. కుర్చీ పట్టుకుని అడిగాను. "ఆ కుప్పమీద నువ్వు గాక ఇంకెవరు తిరుగుతున్నరు?"

"ఆనంద్ అన్న. ప్రొక్లైనర్ నడుపుతడు. కొత్త చెత్త వస్తే దానిమీదికి ఎక్కిచ్చి సదును జేస్తడు. గా అన్నకు గూడ చెప్పలే."

"ఫోన్ తియ్యి."

"నౌకరి పోతది నానమ్మా."

"పోనీ. ఫోన్ తియ్యి. నువ్వే చెప్పు. నా ముంగట చెప్పు. అంకెతోటి చెప్పు."

చెప్పింది. ఫ్లెక్సీల సంగతి, అబద్ధపు అంకెలు, అగరుబత్తి పొగ, అన్నీ. నేను స్పీకర్ పెట్టించి పక్కనే కూర్చున్నాను. శేఖర్ అంతా విన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఇప్పుడే ఆ చుట్టుపక్కల పని ఆపిస్తా. రేపు పొద్దున కుప్ప విప్పుదాం. ఫైరింజన్ పిలుస్తా" అన్నాడు. తరువాత అన్నాడు: "కానీ లోపల ఎక్కడెక్కడ ఉడుకుతుందో నీకొక్కదానికే తెలుసు భావనా. నువ్వే ముందు నిలబడి చూపించాలి."

"చూపిస్త సార్."

నిజం చెప్పించినదాన్ని నేను. దాన్ని ముందు నిలబెట్టినదీ నేనే.

73.

ఆగస్టు 19, మంగళవారం

భావన వెళ్లిన అరగంటకు బయలుదేరాను. కంటి దవాఖానకు అని యాదలక్ష్మితో చెప్పాను. ఎల్బీ నగర్‌లో విజయవాడ రోడ్డు బస్సు ఎక్కి, అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక దిగి, అక్కడి నుంచి ఆటో.

"చెత్త కంపెనీకా? గింత దూరం చెత్త ఏస్తానికొచ్చినవా అవ్వా? మీ గల్లీల ఆటో రాలేదా?" అని ఆటో అతను నవ్వాడు. నా ముఖం చూసి బండి తీశాడు. దించేటప్పుడు, "పైలం అవ్వా, ఇయ్యాల ఆడ ఏందో నడుస్తున్నది" అన్నాడు.

గేటు లోపలికి వాచ్‌మన్ పోనివ్వలేదు. గేటు పక్క రేకుల షెడ్డులో ఒకామె టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పేరు సాధన. ఆనంద్ కుమార్ భార్య. తుర్కయంజాల్ నుంచి వచ్చింది.

"డబ్బా మర్చిపోయిండు, ఇచ్చి పోదామనొచ్చిన" అంది. డబ్బా ఇస్తే లోపలికి చేర్చే వాచ్‌మన్ అక్కడే ఉన్నాడు. ఆమె ఇవ్వలేదు. నేను అడగలేదు. నేను ఎవరో చెప్పినప్పుడు నన్ను కాసేపు చూసింది.

"భావన మేడం నానమ్మవా? నిన్న సాయంత్రం మా ఆయనకు ఫోన్ చేసి ఏడ్సింది. తప్పు చేసిన అన్నా, దానిమీదికి నిన్ను ఎక్కిచ్చిన అన్నది."

"మరి ఆయన ఏమన్నడు?"

"ఏమంటడు. చేసిందేదో చేసినవ్, రేపు నా పక్కకెల్లి కదలకు అన్నడు."

గోడ మీదుగా కుప్ప పై సగం కనిపిస్తోంది. ఫ్లెక్సీలు ఒక్కొక్కటే లాగేస్తున్నారు. నమస్కారం పెట్టిన చేతులు, మీసాలు, ర్యాంకు నంబర్లు జారిపోతున్నాయి. వాటి కింద నల్లటి కుప్ప. ఒళ్లంతా ఆవిరి. పసుపుపచ్చని యంత్రం చెయ్యి ఒక ముద్ద తీస్తుంది, పక్కన పరుస్తుంది, దానిమీద నీళ్లు కొడతారు, మళ్లీ ఇంకో ముద్ద.

"జల్దీ తియ్యరాదు? గింత నెమ్మదిగ ఏందిది?" అన్నాను.

"జల్దీ తీస్తే గాలి దూరి అంటుకుంటదట అమ్మా. బెల్లం గీకినట్టు సన్నగ గీకాలెనని చెప్పిండు."

గేటు చువ్వల సందులోంచి చూస్తే, యంత్రం ముందు నారింజ రంగు కోటు వేసుకున్న చిన్న ఆకారం. చేతిలో ఊచ. గుచ్చుతుంది, చూస్తుంది, చెయ్యెత్తి ఎటు తవ్వాలో చూపిస్తుంది. నడక తెలుసు నాకు. బడికి నేను చెయ్యి పట్టుకుని నడిపించిన నడక.

తరువాత జరిగింది వరుసగా రాయలేకపోతున్నాను. ముందు చప్పుడు. పెద్ద బస్తా నేల మీద పడ్డట్టు. కుప్ప ఒక పక్క మొత్తం జారింది. జారిన చోట లోపలంతా ఎర్రగా ఉంది. కుంపటిలాగా. గాలి తగలగానే ఆ ఎరుపు లేచి నిలబడింది. నల్లటి పొగ గోడ దాటి మా మీదికి వచ్చింది.

నారింజ రంగు కనిపించలేదు.

సాధన "ప్రభువా, ప్రభువా" అంటోంది. నాకు యాదగిరి నరసింహస్వామి పేరు నోటికి రాలేదు. జీవితమంతా పలికిన పేరు రాలేదు. నేనూ ఆమెతో పాటు "ప్రభువా" అన్నాను. ఆమె చెయ్యి నా చేతిలో ఉంది. ఎవరు ఎవరిది పట్టుకున్నామో తెలియదు. వాచ్‌మన్ గేటు వదిలేసి లోపలికి పరుగెత్తాడు. గేటు తెరిచే ఉంది. పోవచ్చు. నేను పోలేదు.

పొగలో యంత్రం చెయ్యి ఆగిపోయి ఉంది. ఆగిపోయే ఉంది.

"ఆడిస్తలేడు. ఎందుకు ఆడిస్తలేడు?" అంటోంది సాధన.

అప్పుడు చెయ్యి కదిలింది. మంట వైపు కాదు, వెనక్కి. చివరనున్న తొట్టిలో ఎర్రమట్టి ఎత్తి మంట మీద దింపింది. మళ్లీ ఎత్తింది. ఫైరింజన్ నీళ్లు దాని పక్కగా పడుతున్నాయి. చాలాసేపటికి పొగ నలుపు తిరిగి తెలుపైంది. సాధన డబ్బా కింద పడిందని అప్పుడు చూశాం. పప్పు అంతా నేల పాలు.

భావన గేటు దగ్గరికి నడుచుకుంటూ వచ్చింది. కుడి కనుబొమ్మ లేదు. చేతికి తడిగుడ్డ చుట్టి ఉంది. కుప్ప జారినప్పుడు ఆనంద్ హారన్ కొట్టి, యంత్రం ముందుకు తెచ్చి తొట్టి అడ్డం పెట్టాడట. భావన ఆ తొట్టి వెనక ముడుచుకుని కూర్చుందట. అందుకే ఆ చెయ్యి ఆగిపోయింది.

నన్ను చూసి నిలబడిపోయింది. "నానమ్మా? నువ్వెట్ల వచ్చినవ్?"

"కంటి దవాఖానకు" అన్నాను.

అది నవ్వడం మొదలుపెట్టి ఏడ్చేసింది. నేను గేటు చువ్వ పట్టుకుని నిలబడే ఉన్నాను.

ఆగస్టు 20, బుధవారం

మహేందర్‌కు అన్నీ చెప్పాను, ఆ శనివారం నేను చెప్పిన నలభై ఐదుతో సహా. వాడు నా మీద ఎప్పుడూ గొంతెత్తలేదు. ఈ రోజు ఎత్తాడు.

"నీకు తెల్సు! తెల్సి గూడ దాన్ని పంపినవ్ గదనే అమ్మా!"

తెలుసు. పంపాను.

"నౌకరి లేదు గీకరి లేదు. ఇంట్ల కూసో" అన్నాడు భావనతో.

"కుప్ప ఇంక సగమే ఇప్పిండ్రు నాన్నా. మిగిలిన సగంల ఎక్కడెక్కడ ఉడుకు ఉన్నదో నాకే తెల్సు. నేను పోకుంటే ఆనంద్ అన్న గుడ్డిగ తవ్వుతడు."

అందరూ నా వైపు చూశారు. ఈ ఇంట్లో చివరి మాట నాది. వద్దు అని చెప్పడానికే నోరు తెరిచాను. అంతకన్నా ఏమీ కోరుకోలేదు. రేకుల షెడ్డులో సాధన, ఆమె ఒళ్లో డబ్బా కళ్ల ముందు మెదిలాయి.

"పోనియ్యి" అన్నాను.

ఆగస్టు 21, గురువారం

పోయింది. వచ్చింది. యాదలక్ష్మి దాని చేతికి మందు రాసింది. నేను అంకె అడగలేదు. అది చెప్పలేదు.

ఆగస్టు 22, శుక్రవారం

అడగలేదు. భయం వల్ల కాదు.

భయం వల్లే.

ఆగస్టు 25, సోమవారం

గల్లీ చివర వినాయకుడి మండపానికి వెదురు కడుతున్నారు. చుట్టూ కొత్త ఫ్లెక్సీలు. వాన లేదు. పాలు లీటరు.

కుసుమకుమారిగారు చెత్త ఆటో దగ్గర కనిపించి, "అమ్మాయి కనుబొమ్మ ఏమైందండీ?" అన్నారు. చెప్పాను. ఈసారి నవ్వలేదు. కవరు ముడి విప్పి, తడి చెత్త వేరే డబ్బాలో వేశారు.

భావన వెలుతురుండగానే వచ్చింది. కుప్ప మొత్తం విప్పి మోకాలెత్తు కంటే మించకుండా పరిచారట. ఉద్యోగం ఉంటుందో లేదో విచారణ అయ్యాక చెబుతారట. అది చేతులు కడుక్కునే లోపే పళ్లెంలో అన్నం పెట్టాను. అది పళ్లెం వైపు చూసింది, నా వైపు చూసింది, కూర్చుంది. నాలుగు ముద్దలు తిన్నాక తనే చెప్పింది.

"నలభై ఐదు."

నా చేతిలో నెయ్యి గిన్నె ఉంది.

"నిజం నానమ్మా. ఈసారి నిజంగనే గంతే ఉన్నది. నేనేం చెయ్యాలె!" ఎడమచేత్తో ఫోన్ తీసి నా ముందు పెట్టింది. "ఫొటో తీసిన. చూస్కో."

"కళ్లద్దాలు లోపలున్నయి. తిను" అన్నాను.

కళ్లద్దాలు నా ముక్కు మీదే ఉన్నాయి. అది చూసింది. ఫోన్ బోర్లా పెట్టి, నెయ్యి వేయమని పళ్లెం ముందుకు జరిపింది.

45.